బస్టాపు వరస

తొమ్మిది, పది, పదకొండు. పదకొండో తిప్పు దగ్గర ఈ వాల్వు కాస్త మొరాయిస్తుంది. అక్కడ బలం చూపించకూడదు. రాడ్డుని అర తిప్పు వెనక్కి లాగి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ముందుకు తోస్తే మారు మాట్లాడకుండా తిరుగుతుంది. ఈ కిటుకు నగరం మొత్తమ్మీద ఒక్క మనిషికే తెలుసు. తెల్లవారుజామున రోడ్డు పక్క గుంత మీది ఇనప మూత తీసి పక్కన పెట్టి, ఛాతీ ఎత్తు ఇనపరాడ్డుని రెండు చేతులా పట్టుకుని, ఒంగి తిప్పుతున్నది ఆ మనిషే. పద్నాలుగో తిప్పుకి నేల లోపల గొట్టం గుర్రుమంది. సర్కిల్లో పచ్చగడ్డి మీద స్ప్రింక్లర్లు ఒక్కొక్కటే తలెత్తి, రెండుసార్లు దగ్గి, నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాయి.

అతను నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. నిటారంటే అతని నిటారు. ఇరవయ్యారేళ్ళుగా తిప్పీ తిప్పీ కుడిభుజం కిందికి జారింది. ఏ చొక్కా తొడుక్కున్నా దర్జీ వంకరగా కుట్టినట్టే ఉంటుంది. అరచేతుల్లో రాడ్డు ఆనే చోట కాయలు కాచాయి. కాళ్ళ వేళ్ళ సందులు రోజంతా నాని నాని తెల్లగా పాలిపోయాయి, మడమలేమో ఎండి బీటలు వారాయి. ఒకే పాదంలో అతివృష్టీ అనావృష్టీ రెండూ ఉన్నాయని అతని భార్య వెక్కిరిస్తుంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కాబట్టి ఉన్నట్టే లెక్క, నోటితో పిలిచేవాళ్ళు మాత్రం లేరు. ఆఫీసులో, రోడ్డు మీద, క్వార్టర్లలో అందరికీ అతను తిప్పుడు మామ.

ఏడాదికి పట్టుమని పది వానలు పడని నగరం అది. అయినా కొత్తగా వచ్చినవాళ్ళు స్టేషను బయట అడుగుపెట్టగానే అబ్బ, ఎంత పచ్చగా ఉంచారో అని మురిసిపోతారు. ఉంచడమంటే ఊరికే ఉంచడమా! ఊళ్ళోవాళ్ళు స్నానాలగదుల్లోనూ దొడ్లలోనూ వదిలిన నీళ్ళన్నీ ఊరి చివర ప్లాంటులో తొట్టి తర్వాత తొట్టి తేరుకుని, మందు కలుపుకుని, ఊదారంగు గొట్టాల్లో తిరిగొచ్చి ఈ గడ్డికీ ఈ చెట్లకీ చేరతాయి. గొట్టం బయటికి కనిపించిన ప్రతిచోటా తాగరాదని బోర్డు. ఆ వాసన తిప్పుడు మామ ముక్కుకి తెలియడం ఏనాడో మానేసింది. భార్య ముక్కుకి మాత్రం వీధి మలుపులోనే తెలుస్తుంది. అతను గుమ్మమెక్కబోతుంటే ఆమె బయటి కుళాయి వైపు వేలు చూపిస్తుంది. ఆ కుళాయికి నీళ్ళు మూడురోజులకొకసారి, అదీ గంటసేపు. "ఊరి నీళ్ళన్నీ తిప్పే మొనగాడివి, నా బకెట్టు నింపలేవు" అంటుంది. అతను నవ్వేసి కాళ్ళు కడుక్కుంటాడు.

ఈ పొద్దున నాలుగింటికి బయల్దేరుతుంటే ఆమె మంచం మీదే లేచి కూచుంది.

"ఇవ్వాళ ఆఖరిరోజేగా. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్. పిల్లలిద్దరి పెళ్ళిళ్ళూ అయిపోయాయి, ఇల్లూ ఖాళీ అయింది. ఒక్క మధ్యాహ్నమైనా ఇద్దరం ఎదురెదురుగా కూచుని తిన్న గుర్తు లేదు నాకు."

"వస్తాలే."

"వస్తాలే అంటే కాదు. పన్నెండున్నరకి వడ్డించేస్తా. నువ్వు రాకపోతే ఈగలు తింటాయి."

"వస్తానన్నానుగా," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. నిజంగానే వద్దామనుకున్నాడు.

ఆఖరిరోజంటే వయసైపోయి కాదు. సర్కిల్ పక్కన కొత్తగా తెల్లటి ఇనప బీరువా ఒకటి నిలబెట్టారు. దాన్ని ప్యానెల్ అంటున్నారు. రేపట్నించి వాల్వులన్నీ అదే తిప్పుకుంటుందట. ఏ లైనుకి ఎన్ని నిమిషాలు నీళ్ళు వెళ్ళాలో జాబితా దాని కడుపులో పెట్టేశారు. మనిషితో పనిలేదు. అతనికి దాని మీద కోపమేమీ రాలేదు. యంత్రానికి భుజం జారదు, మంచిదే. ఆ జాబితాలో బస్టాపు వరస లేదన్న సంగతి మాత్రం అతనికి నాలుగురోజుల క్రితమే తెలిసింది. అప్పట్నించి అన్నం సహించడంలేదు.

బస్టాపు వరసంటే సర్కిల్ దగ్గర మొదలై బస్టాపు దాటి పాత క్వార్టర్ల దాకా రోడ్డు వారన ఉన్న పంతొమ్మిది వేపచెట్లు. సర్కిల్లో గడ్డి ఉంది, చాపలు చుట్టినట్టు చుట్టి లారీల్లో తెచ్చి పరిచిన గడ్డి. దాని మీద అడుగు పెట్టకూడదని చుట్టూ గొలుసు. రోజుకి మూడు పూటలా నీళ్ళు తాగుతుంది, ఒక్క పురుగుకి కూడా నీడనివ్వదు. బస్టాపు వరస కింద మాత్రం మిట్టమధ్యాహ్నం చూడాలి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, చీపుళ్ళు పక్కన పెట్టి కాళ్ళు చాపుకున్న ఊడ్చేవాళ్ళు, టోపీ ముఖాన వేసుకుని కునుకు తీసే కాపలావాళ్ళు, ఒక్కో చెట్టు కింద ఒక్కో సంసారం. బయట నిలబడితే మాడు పగిలిపోయే ఎండలో లోపలికి ఒక్కడుగు వేస్తే ప్రాణం లేచొస్తుంది.

ఇదివరకు అవి ఇరవై. ఆ ఇరవైకీ అతనే గుంతలు తవ్వాడు, అతనే మొక్కలు నాటాడు. రోజూ పావుగంట నీళ్ళు పెట్టమని ఆఫీసు చెప్పింది. అతను పెట్టాడు. ఎండలు ముదిరితే మీద ఇంకో పది నిమిషాలు ఎక్కువే పెట్టాడు. అవి నిగనిగలాడుతూ చకచకా పెరుగుతుంటే కన్నకూతుళ్ళు ఎదుగుతున్నంత సంబరపడ్డాడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం పెద్దగాలి వచ్చింది. మహా అయితే అరగంట. ఇరవయ్యో చెట్టు వేళ్ళతో సహా లేచి, దాని కిందున్న టీబండి మీద పడింది. బండి యజమానురాలు అప్పుడే బిందె పట్టుకుని నీళ్ళకి వెళ్ళింది కాబట్టి బతికింది. మర్నాడు తిప్పుడు మామ వెళ్ళి పడిపోయిన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. అంత మానుకి వేళ్ళు చూస్తే జానెడు మందాన పళ్ళెంలా పరుచుకుని ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క వేరు కిందికి దిగలేదు.

దిగదు మరి. కూచున్న చోటికే రోజూ కంచం వస్తుంటే ఎవడు మాత్రం లేస్తాడు? పైపైన తడిపిన నేలలో వేళ్ళు పైపైనే తిరిగాయి. ఆఫీసుకి తెలియదు, సరే. తనకి తెలియొద్దూ? ఆ రోజు అతను ఆ వేళ్ళ పక్కనే కూలబడి, గారాబం చేసి నేనే చంపుకున్నానని పైకే అన్నాడు. మిగిలిన పంతొమ్మిదీ అంతే. గాలొస్తే పడతాయి, నీళ్ళాగితే నెలలో మాడతాయి.

అప్పట్నించి పాలు మాన్పించడం మొదలుపెట్టాడు. దాన్ని అతను మనసులో ఆ మాటతోనే అనుకునేవాడు. మొదట రోజు విడిచి రోజు. ఆర్నెల్ల తర్వాత నాలుగురోజులకొకసారి. తర్వాత వారం, పదిరోజులు. అయితే పెట్టిన రోజున మాత్రం పావుగంట కాదు, గంటలకొద్దీ. తడి మోచెయ్యి లోతు దాటి దిగాలి. పైన ఎండిపోతూ కింద తడి ఉంటే వేరు దాన్ని వెతుక్కుంటూ తానే వెళ్తుంది. మొదటి రెండేళ్ళూ చెట్లు ఆకులు రాల్చి బెదిరించాయి. పక్కగదిలో పిల్ల ఏడుస్తుంటే తలుపు తియ్యకుండా కూచున్నట్టుండేది అతని ప్రాణం. ఆఫీసు పట్టీలో మాత్రం రోజూ పావుగంట అనే రాసేవాడు. నీళ్ళు అవే, పెట్టే తీరే మారింది. ఇప్పుడు ఇరవైరోజులకొకసారి తాగి నిలబడుతున్నాయి. ఈ ఒక్క ఎండాకాలం గట్టెక్కిస్తే చాలు, ఆ తర్వాత నేలలోపలి చెమ్మతోనే బతికేస్తాయి. మనిషి అక్కర్లేదు, ప్యానెలూ అక్కర్లేదు.

ఇరవయ్యోరోజు నిన్న. నిన్న ప్యానెల్ బిగిస్తున్నామని రోజంతా నీళ్ళు ఆపేశారు. చెట్లు ఆకులు ముడుచుకుని ఎదురుచూస్తున్నాయి.

ఏడున్నరకి సూపర్‌వైజరు బండి మీద వచ్చాడు. ఒకప్పుడు తిప్పుడు మామ దగ్గరే గుంతల మూతలు ఎత్తుతూ పని నేర్చుకున్నవాడు. పదోతరగతి పాసైన కాగితం ఉండటం వల్ల పైకెళ్ళాడు. వరసకి కాకపోయినా మామా అనే పిలుస్తాడు.

"మామా, రేపు పెద్దాఫీసరు వస్తున్నాడు. ప్యానెల్ మీట నొక్కి గడ్డి మీద నడుస్తాడట. తూర్పువైపు అంచు పసుపు తిరిగింది, చూశావా? ఇవ్వాళంతా లాను మీదే ఉండాలి నీళ్ళు."

"నిన్నంతా ఆపారుగా, తిరగదా మరి! నీళ్ళు పెడితే వారంలో లేచి కూచుంటుంది. గడ్డికేంరా, సిగ్గా శరమా." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "బస్టాపు వరసకి ఇవ్వాళొక్కరోజు పెట్టనివ్వు. సాయంత్రానికి రాడ్డు నీ చేతిలో పెట్టేస్తా."

"ఆ వరస జాబితాలోనే లేదు కదా. రేపొచ్చి ఆ వాల్వు మీద రేకు వెల్డింగు కొట్టేస్తారు. రేపట్నించి ఎండిపోయే చెట్లకి ఇవ్వాళ నీళ్ళెందుకు మామా?"

"ఎండవు. వానలకి ఇంకెంతో లేదు, ఇవ్వాళ కడుపునిండా తాగితే అప్పటిదాకా ఆగుతాయి. కాస్త కాస్తగా అలవాటు చేశాను. ఇంకొక్కసారి, అంతే."

సూపర్‌వైజరు నవ్వాడు. చెడ్డనవ్వు కాదు, తొందరలో ఉన్నవాడి నవ్వు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? నువ్వూ నీ అలవాటూ! ఇదిగో, లైను కడిగావా లేదా? లైనులో మట్టుంటే రేపు ప్యానెల్ మొరాయిస్తుందని ప్లాంటువాళ్ళు చంపుకు తింటున్నారు."

లైను కడగడమంటే చివరి మూత విప్పి, గొట్టంలో చేరిన మట్టి పోయేదాకా నీళ్ళు వదిలెయ్యడం. అది మొన్ననే చేశాడు. అవునని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"లేదు," అన్నాడు. "ఇవ్వాళ కడుగుతా. కడిగినంతసేపూ లానుకి నీళ్ళెక్కవు మరి."

"ఎంతసేపు?"

"మధ్యాహ్నందాకా పడుతుంది."

"రెండింటికల్లా లానుకి వదిలెయ్. రెండు దాటిందంటే నా ఉద్యోగం ఊడుతుంది, చెప్తున్నా."

బండి వెళ్ళిపోయింది. ఇరవయ్యారేళ్ళలో ఆఫీసుకి నోటితో చెప్పిన మొదటి అబద్ధం అది. చెవులు వేడెక్కాయి. దొంగతనం చేసినట్టే అనిపించింది, దాంతోపాటు ఎందుకో ఒళ్ళు తేలికపడింది. గబగబా సర్కిల్ వాల్వు కట్టేశాడు. స్ప్రింక్లర్లు తలలు దించుకున్నాయి. రాడ్డు భుజాన వేసుకుని బస్టాపు వరసలో మొదటి చెట్టు దగ్గరికి నడిచి, అక్కడి గుంత మూత తీసి, పూర్తిగా తిప్పి, రాడ్డు అందులోనే వదిలేశాడు. ఎనిమిదైంది. రెండింటికి ఆరుగంటలు. ఆరుగంటలంటే సరిగ్గా సరిపోతుంది.

మొదటి చెట్టు పాదులో నీళ్ళు బుడబుడలాడాయి. తర్వాత రెండోది, మూడోది. అతను ఒక్కో పాదు దగ్గరా ఒంగి, గట్టు తెగినచోట మట్టి ఎగదోసి, గొట్టం మూతికి అడ్డం పడ్డ ఆకులు తీసి, ముందుకు వెళ్ళాడు. ఎక్కడ కాగితం కప్పు ఇరుక్కుందో, ఎక్కడ ఎలుక గట్టుకి బొక్క పెట్టిందో చూసుకుంటూ నడిచేసరికి ఎండ ముదిరింది. పద్నాలుగో చెట్టు కింద టీబండి. ఎనిమిదేళ్ళ కిందట బండి పోగొట్టుకున్న మనిషిదే. ఇరవయ్యో చెట్టు నుంచి ఆరు చెట్లు ఇవతలికి జరిగింది తప్ప వరస వదల్లేదు.

"రా అన్నా, ఇవ్వాళ నీకు టీ నా లెక్కలో," అంది. "ఏంటా చెమట? ముఖం చూడు, ఉతికి పిండినట్టుంది."

"ఎండ."

"ఎండ అందరికీ ఉంది. నీకు చెమట ఒక్కటే కాదు, రంగు కూడా పోయింది. కాసేపు కూచో."

కూచున్నాడు. ఎడమ దవడ కింద లాగుతోంది. రెండు నెలల కిందట కూడా ఇలాగే లాగితే ఆసుపత్రికి వెళ్ళాడు. ఎండలో తిరగొద్దు, బరువు తిప్పొద్దు, పెద్దాసుపత్రిలో చూపించుకో అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. భార్యకి మాత్రం గ్యాసని చెప్పాడు. ఎండలో తిరగకుండా, బరువు తిప్పకుండా తిప్పుడు మామ ఎలా అవుతాడు? పని మానేశాక పెద్దాసుపత్రి సంగతి చూడొచ్చనుకున్నాడు. ఆ మానేసే రోజు ఇదే కాబట్టి, రేపు చూడొచ్చు.

"రేపట్నించి ఏం చేస్తావన్నా?" అంది టీ చెల్లెమ్మ.

"ఇంట్లో కూచుంటా."

"రెండురోజులు కూచుంటావు. మూడోరోజు మా వదిన చీపురు తిరగేస్తుంది."

అతను నవ్వాడు. నవ్వితే దవడ ఇంకా లాగింది. టీ సగం తాగి గ్లాసు పెట్టేశాడు. ఈ ఎనిమిదేళ్ళలో ఆమెకి ఒక్కమాట చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాడు, నీ బండి మీద చెట్టు పడింది గాలివల్ల కాదు నావల్ల అని. ఇవ్వాళ కూడా నోటిదాకా వచ్చింది. ఎవరో ఇద్దరు టీకి వచ్చారు. అతను లేచి వెళ్ళిపోయాడు.

పన్నెండు దాటాక లోతు చూడటం మొదలుపెట్టాడు. దానికి అతని దగ్గర సాధనమంటూ ఏమీ లేదు, చెయ్యి తప్ప. పాదు అంచున నేల తవ్వుతూ చెయ్యి దింపుతాడు. వేళ్ళకి పొడిమట్టి గరుగ్గా తగిలిందంటే తడి అక్కడితో ఆగిందన్నమాట. మొదటి చెట్టు దగ్గర మోచెయ్యి మునిగింది. ఐదో చెట్టు దగ్గరా మునిగింది. పదో చెట్టుకి కాస్త తక్కువ. ఒక్కోచోటా మోకాళ్ళ మీద కూచుని, చెయ్యి మట్టిలోకి దింపి, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతుకుతుంటే, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఏదో పోగొట్టుకున్నాడు పాపం అనుకున్నారు. పన్నెండున్నరకి పన్నెండో చెట్టు దగ్గరున్నాడు. ఇంట్లో ఆమె వడ్డించి ఉంటుంది. ఇక్కడ్నించి ఇల్లు పావుగంట నడక. వెళ్ళి, తిని, వచ్చేసరికి గంట. ఆ గంటలో ఎక్కడైనా గట్టు తెగితే కింది చెట్లకి చుక్క చేరదు. ఫోను తీసి చేశాడు.

"ఏమే, కాస్త ఆలస్యమవుతుంది."

"నాకు తెలుసు," అంది ఆమె. "మూత పెట్టి ఉంచుతా. ఎప్పుడొస్తే అప్పుడే రా."

అతను ఫోను జేబులో వేసుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

నిన్న ప్లాంటు నుంచి నీళ్ళు రాక, లైన్లకి నీళ్ళిచ్చే సంపు నిండలేదన్న సంగతి అతను లెక్కలో వేసుకోలేదు. వేసుకోవాల్సింది, ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉన్నవాడు. నీళ్ళలో ఉరవడి లేదు. పదిహేనో చెట్టు దగ్గర తడి జానెడే దిగింది. పదిహేడు దగ్గర అరజానెడు. ఒంటిగంట ముప్పావుకి పంతొమ్మిదో చెట్టు దగ్గరికొచ్చాడు. అది వరసలో చివరిది, క్వార్టర్ల గోడ పక్కనున్నది. ఎప్పుడూ అన్నిటికన్నా వెనకబడేది కూడా అదే. పాదు అడుగున నీళ్ళు పల్చగా మెరుస్తున్నాయి. మోకాళ్ళ మీద కూచుని గోళ్ళతో తవ్వాడు. నాలుగువేళ్ళు. నాలుగువేళ్ళ కింద నేల రాయిలా ఉంది.

ఇప్పుడు లేచి మొదటి చెట్టు దాకా నడిచి, వాల్వు కట్టేసి, సర్కిల్‌కి వెళ్ళి లానుకి వదలాలి. అలా చేస్తే మొదటి పదీ బతుకుతాయి. మిగిలిన తొమ్మిదీ ఈ ఎండాకాలం దాటవు. నాలుగువేళ్ళ తడి మహా అయితే మూడురోజులు. ఇంకో మూడుగంటలు ఇక్కడే వదిలితే పంతొమ్మిదీ గట్టెక్కుతాయి. వదిలితే సూపర్‌వైజరు ఉద్యోగం ఏమవుతుందో. వాడికి ఇద్దరు పిల్లలు. గడ్డి పసుపుగా ఉంటే పెద్దాఫీసరు ఉరితీస్తాడా? తియ్యడు, అరుస్తాడు. అరిపించుకోవడం వాడికి అలవాటే. కానీ మాటిచ్చాను కదా. మాట ఆమెకీ ఇచ్చాను, పన్నెండున్నరకని. ఇవ్వాళ ఇచ్చిన మాటలన్నీ ఇలాగే ఏడుస్తున్నాయి అనుకున్నాడు. చెట్టు మొదలుకి వీపు ఆనించి కూచున్నాడు. చల్లటి చెమట పట్టింది. ఒక్క ఐదునిమిషాలు కూచుని, ఆ తర్వాత లేచి ఏది చెయ్యాలో అది చేద్దామనుకున్నాడు. కుడిచెయ్యి ఇంకా పాదులోనే ఉంది. వేళ్ళ చుట్టూ నీళ్ళు ఊరుతూ ఉంటే హాయిగా ఉంది.

జేబులో ఫోను మోగింది. రెండయి ఉంటుంది. తీద్దామనుకున్నాడు. చెయ్యి తడిగా ఉంది కదా, తుడుచుకుని తీద్దామనుకున్నాడు. అది చాలాసేపు మోగి ఆగింది. మళ్ళీ మోగినప్పుడు అతనికి వినబడలేదు.

టీ చెల్లెమ్మ రెండున్నర ప్రాంతంలో అటు చూసింది. తిప్పుడు మామ చివరి చెట్టుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. పాపం, ఆఖరిరోజైనా కునుకు తీశాడనుకుంది. ఆకులు ముడుచుకుపోవడంవల్ల ఆ చెట్టు నీడ చిల్లులు పడి, ఎండ సూటిగా అతని ముఖం మీద పడుతోంది. ఆమె మనసొప్పలేదు. బండికి కట్టిన పెద్దగొడుగు విప్పి తీసుకెళ్ళింది. దాని ఇనపకాడ కొసన నేలలో గుచ్చడానికి మొన ఉంది. పాదు అంచున గుచ్చబోతే దిగలేదు. రాయి తీసుకుని చప్పుడు కాకుండా మెల్లగా నాలుగుదెబ్బలు కొట్టింది. నాలుగువేళ్ళ లోతు దిగి ఆగింది. పడిపోకుండా చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చి, నీడ అతని ముఖం మీద పడేలా సర్ది, కాళ్ళ చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది.

మూడింటికి సూపర్‌వైజరు బండి వేసుకుని ఊడిపడ్డాడు. సర్కిల్ దగ్గర ఎండిన గడ్డిని చూసి వచ్చాడేమో, దూరం నుంచే అందుకున్నాడు.

"మామా! ఏం చేస్తున్నావు నువ్వు? పదిసార్లు ఫోను చేశా! ఇక్కడ పాదులు నింపుకుంటూ లైను కడుగుతున్నానని నాకే చెవిలో పువ్వు పెడతావా? నిన్ను నమ్మినందుకు నన్ను నేను కొట్టుకోవాలి. లే, లేవయ్యా!"

లేవలేదు. సూపర్‌వైజరు దగ్గరికొచ్చి గొడుగు కిందికి ఒంగి భుజం పట్టుకుని కుదిపాడు. ఆ జారిన భుజం ఇంకాస్త జారింది. అంతే, అతని గొంతు మారిపోయింది.

"మామా," అన్నాడు చిన్నగా. "ఓ మామా."

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. టీ చెల్లెమ్మ నెత్తి బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నిద్రనుకున్నాను తల్లో, నిద్రనుకుని గొడుగు పెట్టొచ్చాను అని అందరికీ చెప్పి ఏడ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వదులుకుని చుట్టూ చేరారు. పాదులోంచి చెయ్యి బయటికి తీసి ఎవరో నీళ్ళతో కడిగారు, తాగరాదని రాసిన నీళ్ళతోనే. అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళు నాడి చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సూపర్‌వైజరు బండి రోడ్డు మీదే వదిలేసి అంబులెన్సు ఎక్కాడు. తలుపు వేస్తుండగా ఫోను చెవి దగ్గర పెట్టుకుని "అత్తా..." అన్నాడు. అవతల్నించి "వస్తున్నాడా? వేడి చెయ్యమంటావా?" అని ఆడగొంతు వినబడింది పక్కనున్నవాళ్ళకి.

ఆ గందరగోళంలో మొదటి చెట్టు దగ్గర తెరిచిన వాల్వు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తుండాల్సినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ ఒకే అంబులెన్సులో వెళ్ళారు. నీళ్ళు వెళ్తూనే ఉన్నాయి. నాలుగింటికి వెళ్ళాయి, ఐదింటికి వెళ్ళాయి. అవతల సర్కిల్లో గడ్డి అంచు నుంచి లోపలికి పసుపు పాకింది.

పొద్దు వాలాక టీ చెల్లెమ్మ గ్లాసులు కడిగి, పొయ్యి ఆర్పి, బండి కట్టుకుంది. కళ్ళు వాచిపోయాయి. గొడుగు గుర్తొచ్చి చివరి చెట్టు దగ్గరికి వెళ్ళింది. పాదు నిండి, గట్టు పొర్లి, నీళ్ళు క్వార్టర్ల గోడవారగా పోతున్నాయి. ఆమె పేర్చిన రాళ్ళు బురదలో కనబడలేదు. అతను ఆనుకున్నచోట చెట్టు బెరడు మీద చెమట ఆరినా మరక పోలేదు. గొడుగుని ఒక్క చేత్తో లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. మధ్యాహ్నం రాయిపెట్టి కొట్టినా దిగని ఇనపకాడ ఎవరూ కొట్టకుండానే మోచెయ్యి లోతు దిగిపోయింది.